ఎర్ర గీత కింద చుక్కలు

ఒక్క పేజీలో నలభై మూడు ఎర్ర గుర్తులు.

టకటక మళ్ళీ లెక్కపెట్టింది. నలభై మూడే. ఉద్యోగంలో చేరి మూడు రోజులు కూడా కాలేదు. తను టైపు చేసిన పేజీకి పొంగు పోసినట్టు చేసి పంపిన ఆ మహానుభావుడెవరో చూద్దామని కుర్చీలోంచి లేచింది.

ఆమె వేళ్ళు కీబోర్డు మీద పడితే వెనక గదిలోని అచ్చు మిషను కూడా సిగ్గుపడుతుందని, ప్రెస్సు ఓనరు పెద్దసారు మొదటిరోజే ఆ పేరు తగిలించారు. వేగం వరకు నిజమే. ఆ వేగంలో ఎన్ని అక్షరాలు దారిలో జారిపోతున్నాయన్నది మాత్రం ఈ ఎర్ర గుర్తులు చూశాకే తెలిసింది.

"ఈ గీతలు మీవేనా?"

కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్న మనిషి తలెత్తాడు. ముప్పై దాటి ఉండవు. పక్కన రెండు లీటర్ల స్టీలు సీసా, చేతిలో ఎర్ర పెన్ను. ఆ ప్రెస్సుకు ప్రూఫ్ రీడరు అతను. టైపయిన ప్రతి పేజీ అతని కళ్ళ ముందు నుంచి వెళ్ళాకే మిషనెక్కుతుంది. అందరూ అతన్ని ఎర్రపెన్ను అనే పిలుస్తారు.

"నావేనండి."

"తప్పులు నావేనని ఒప్పుకుంటాను. మరి ఈ గీతలేంటండీ? భూకంపం వస్తున్నప్పుడు దిద్దారా? ఇది కొట్టేయమన్న గుర్తో, వానపామో తెలియట్లేదు నాకు."

మిషను గదిలో ఎవరో పకపకా నవ్వారు. పెద్దసారు పేపరు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఎర్రపెన్ను కూడా నవ్వాడు. నవ్వుతూనే కుడిచేతిని మెల్లగా బల్ల కిందికి దించేశాడు.

"చెయ్యి కొంచెం వణుకుతుందండి."

"టీ తగ్గించండి మరి!"

"అలాగే."

బల్ల కిందికి దిగిన ఆ చేతిని టకటక చూసింది. చూసింది కానీ పట్టించుకోలేదు. జరిగినదాన్ని వెనక్కి తిప్పే మీట కీబోర్డులో ఒకటుంటుంది కదా, అలాంటిది బతుకులో కూడా ఉంటే ఆ క్షణం మీదే నొక్కేదాన్నని తర్వాత చాలా రోజులు ఏడ్చింది.

అలా గొడవతో మొదలైన పరిచయం గొడవలతోనే పెరిగింది. ఆమె పేజీలిచ్చేది, అతను వానపాముల్ని తిరిగి పంపేవాడు.

"మీకెవరైనా చెరువు రాసిచ్చారా సార్? పొద్దున్నుంచి తాగుతూనే ఉన్నారు" అని ఆమె సీసా వైపు చూపించేది.

"మీరు ఒత్తులు తింటారేంటండీ? పేజీలో ఒక్కటీ మిగల్చరు" అని అతను పేజీ చూపించేవాడు.

ఒక మధ్యాహ్నం జోరున వాన పడి కరెంటు పోయింది. పైకప్పు కారే చోట పెట్టిన బకెట్లో చుక్క తర్వాత చుక్క పడుతోంది. పని లేక టకటక అతని బల్లకు ఎదురుగా కుర్చీ లాక్కుంది.

"ఇదేంటి? ఈ మాటను కొట్టేశారు. మళ్ళీ దాని కింద చుక్కలు పెట్టారు. తోచక ఆడుకుంటున్నారా?"

"కొట్టేయకూడని మాటను కొట్టేశాను. కింద చుక్కలు పెడితే, ఆ కొట్టివేత చెల్లదు, మాటను ఉన్నదున్నట్టు ఉంచండి అని అర్థం."

"అయితే మీరూ తప్పులు చేస్తారన్నమాట!"

"నేను చేసినన్ని ఎవరూ చేయరండి."

ఆమె నవ్వింది. అతను నవ్వలేదు. గ్లాసును రెండు చేతులతో పట్టుకుని కిటికీ బయట వానను చూస్తూ కూర్చున్నాడు. ఆ ముఖంలో ఏదో ఉంది. అడుగుదామనుకుంది. ఈలోగా కరెంటు వచ్చేసింది.

ఆ వారంలోనే డాక్టరమ్మ వచ్చింది. మనసు జబ్బులకు వైద్యం చేసే డాక్టరు. బైపోలార్ అనే జబ్బు గురించి ఇంట్లోవాళ్ళకు తెలిసేలా ఒక చిన్న పుస్తకం రాసింది, అచ్చు వేయాలి. చేతిరాత చూస్తే డాక్టరేనని ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆ ప్రెస్సులో ఏ పని వచ్చినా కాగితాలన్నీ ఒక గోధుమరంగు కవర్లో వేసి, పైన పెద్ద అక్షరాలతో పని పేరు రాస్తారు. రాయడం టకటక వంతు. ఆమె ఆలోచించకుండా "పిచ్చి పుస్తకం" అని రాసి పడేసింది. ఇక అంతే. పిచ్చి పుస్తకం ఎంతవరకు వచ్చిందని పెద్దసారు, పిచ్చి పుస్తకానికి ఏ కాగితమని మిషను గదివాళ్ళు. నాలుగు రోజులు అదే పేరు మోగింది.

అయిదో రోజు కవరు ఆమె బల్ల మీదికి తిరిగొచ్చింది. "పిచ్చి" అన్న మాట మీద కాగితం చిరిగేంత గట్టిగా ఎర్ర గీత. పక్కన "బైపోలార్" అని రాసి ఉంది.

"కవరు మీద కూడా ప్రూఫు దిద్దుతారా సార్?" అంటూ ఆమె కుర్చీని అతని పక్కకు లాక్కుంది.

"తప్పు ఎక్కడున్నా దిద్దడమే నా పని."

"ఊరికే గుర్తు కోసం రాశానండీ. అయినా ఇది టైపు చేస్తుంటే నాకే భయమేసింది. కొన్నాళ్ళు నిద్ర లేకుండా ఎగిరిపడతారట, ఆ తర్వాత నెలల తరబడి మంచం దిగరట. అలాంటివాళ్ళ పక్కన కూర్చుని పని చేయాలంటే ఎలాగో బాబూ!"

ఎర్రపెన్ను ఆమె కుర్చీని, తన కుర్చీని చూశాడు. రెండింటికీ మధ్య మూరెడు దూరం ఉంది.

"కష్టమే" అన్నాడు.

ఆ పుస్తకం ప్రూఫులో ఏడో పేజీ దగ్గర ప్రెస్సంతా నవ్వుకుంది. డాక్టరమ్మ రాతను టకటక ఎలా చదివిందో గానీ, "ఈ మందు వాడుతున్నప్పుడు ముప్పును ఒక్కసారిగా తగ్గించకూడదు" అని కొట్టింది. అతను వణికే గీతతో ముప్పును కొట్టేసి "ఉప్పు" అని దిద్దాడు. అక్కడితో ఆగలేదు. పక్కన ఖాళీలో, విరేచనాలో జ్వరమో వచ్చి ఒంట్లో నీరు తగ్గినా వెంటనే డాక్టరుకు చెప్పాలి, ఇది కూడా కలపండి, అని రాశాడు.

డాక్టరమ్మ అది చదివి ఆశ్చర్యపోయింది. "నేను మరిచిపోయిన విషయం. ఎవరు చూశారు ఇది?"

"ఎక్కడో చదివానండి" అన్నాడు ఎర్రపెన్ను. నీళ్ళ సీసా తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళిపోయాడు. సీసా నిండి పొర్లుతున్నా చాలాసేపటికి గానీ తిరిగి రాలేదు.

పనికిరాని ప్రూఫు కాగితాలను టకటక ఇంటికి పట్టుకెళ్తుంది. వంటింటి అలమరాలో డబ్బాల కింద పరవడానికి అమ్మకు అవి కావాలి. ఆ ఏడో పేజీ అలా వెళ్ళి పోపు డబ్బాల కిందికి చేరింది.

తర్వాతి సోమవారం చేతికొచ్చిన ప్రూఫు చూసి టకటక కళ్ళు నులుముకుంది.

"అరె! ఇవి మీ గీతలేనా? స్కేలు పెట్టి గీసినట్టున్నాయి!"

"బాగున్నాయా?"

"బాగున్నాయా ఏంటండీ, బ్రహ్మాండం! నా వెక్కిరింతకు ఇంత పవరుందని తెలిస్తే ఎప్పుడో మొదలెట్టేదాన్ని. ఇంతకీ టీ మానేశారా?"

"మానేశాను" అన్నాడు అతను.

టీ గ్లాసు అతని ముందే ఉంది. ఆ సంగతి ఆమెకు తట్టలేదు.

ఎర్రపెన్ను కొత్త మనిషైపోయాడు. బల్ల మీద నీళ్ళ సీసా కనిపించడం మానేసింది. కూనిరాగాలు మొదలయ్యాయి. వానలో తడుస్తున్నారని ప్రెస్సులో అందరికీ తలో గొడుగు కొనుక్కొచ్చాడు. గంట పట్టే పని పావుగంటలో అవుతోంది. అందరూ బాగుందనుకున్నారు. అందరికంటే ఎక్కువగా టకటక అనుకుంది.

ఒక సాయంత్రం వాన తగ్గక, ఇద్దరూ ప్రెస్సు ముందు రేకుల కింద నిలబడ్డారు. టకటక చేతిలో కొత్త గొడుగు ఉంది. ఇద్దరిలో ఎవరూ దాన్ని తెరవలేదు.

"ఈ ప్రూఫు చూడండి. చివరి పేజీ" అన్నాడు.

చివరి పేజీ అంచున తీర్చిదిద్దినట్టున్న ఎర్ర అక్షరాలు. "మీ పక్కన కూర్చుంటే నాకు తప్పులు కనిపించడం లేదు."

టకటకకు చెవులు వేడెక్కాయి. ఏదో ఒకటి అనాలి కాబట్టి, "ప్రూఫ్ రీడరుకి ఇది చాలా ప్రమాదమండీ. ఉద్యోగం పోతుంది" అంది.

"పోనివ్వండి!" అని అతను రేకుల మీది వాన కంటే గట్టిగా నవ్వాడు.

ఆమె ఆ అంచును జాగ్రత్తగా చింపి ఫోను కవరులో దాచుకుంది. ఇంటికి చేరేవరకు ఆరుసార్లు తీసి చదివింది.

ఆ సంతోషం సరిగ్గా తొమ్మిది రోజులుంది.

మొదట అతని కళ్ళు ఎర్రబడ్డాయి. తర్వాత గొంతు బొంగురుపోయింది, మాట మాత్రం ఆగలేదు. ఒక మాట పూర్తికాకుండానే ఇంకో మాట. ప్రెస్సు తలుపు తీసేసరికి మెట్ల మీద కూర్చుని ఉండేవాడు. నిద్రపోవడం దండగ అనేవాడు. దిద్దిన పేజీల్లో నలుపు కంటే ఎరుపు ఎక్కువైంది. తప్పు లేని వాక్యాలను కూడా కొట్టేసి తిరిగి రాస్తున్నాడు. టకటకకు లోపల ఎక్కడో కీడు శంకించింది. అయినా, ప్రేమంటే ఇలాగే ఉంటుందేమోనని సర్దిచెప్పుకుంది.

పదో రోజు పొద్దున మిషను మీద బడిపిల్లల లెక్కల గైడు నడుస్తోంది. ఎర్రపెన్ను వెళ్ళి మీట లాగి మిషను ఆపేశాడు.

"ఆపండి! అన్నీ తప్పులే! లోకంలో అచ్చయిన ప్రతి పుస్తకాన్నీ నేనొక్కణ్ణే దిద్దుతాను. నాకు టైము లేదు, లేవండి, లేవండి!"

పెద్దసారు దగ్గరికెళ్తే తోసేశాడు. కాగితం కట్టల మీదికెక్కి అరవడం మొదలుపెట్టాడు. అరిచి అరిచి ఏడ్చాడు. మిషను గదివాళ్ళు గోడకు అతుక్కుపోయారు. టకటక తలుపు దగ్గరే నిలబడిపోయింది.

పెద్దసారు ఫోను చేస్తే అరగంటలో అతని అక్క వచ్చింది. బస్సు కండక్టరు. డ్యూటీ మధ్యలో దిగి వచ్చినట్టుంది, భుజాన టిక్కెట్ల సంచీ అలాగే ఉంది. ఆమె అరవలేదు, ఆశ్చర్యపోలేదు. కట్టల పక్కన కింద కూర్చుని, చిన్నపిల్లాడితో మాట్లాడినట్టు అడిగింది.

"మాత్రలు మానేసి ఎన్నాళ్ళైంది నాన్నా?"

చాలాసేపటికి అతను కిందికి దిగాడు. "ఇరవై రోజులు" అన్నాడు. అప్పుడు తల తిప్పి నేరుగా టకటకను చూశాడు.

"గీతలు తిన్నగా వచ్చాయి కదండీ?"

ఆమెకు ఆ క్షణంలో అన్నీ అర్థమయ్యాయి. వణికే చెయ్యి, నీళ్ళ సీసా, ఏడో పేజీ, చిరిగిన కవరు.

అతన్ని ఆసుపత్రిలో చేర్చారు. ప్రెస్సులో ఆ కుర్చీ ఖాళీగా ఉంది. "మన పక్కనే కూర్చున్నాడు చూడు ఇన్నాళ్ళూ" అని మిషను గదిలో ఎవరో అన్నారు. నెల కింద తనన్న మాటే అది. టకటకకు వాళ్ళను కోప్పడే ముఖం కూడా లేదు.

మూడు వారాల తర్వాత అక్క వచ్చింది. బల్ల దగ్గర నిలబడి ఇబ్బందిగా అంది.

"వాడు రాసిన చీటీ ఏదో మీ దగ్గరుందటమ్మా. తిరిగిచ్చేయమంటున్నాడు."

టకటక ఫోను కవరులోంచి తీసి ఇచ్చేసింది. రెండు రోజులకు అది మళ్ళీ ఆమె దగ్గరికే వచ్చింది. తీర్చిదిద్దిన ఆ వాక్యం మీద, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా, వణుకుతూ సాగిన ఎర్ర గీత. వెనక వైపు, "ఇది జబ్బు రాసింది. కొట్టేశాను. క్షమించండి" అని ఉంది.

గీత వణికిందంటే మాత్రలు మళ్ళీ వేసుకుంటున్నాడన్నమాట. ఆ ఒక్క సంగతికి సంతోషించాలో, మిగతా అంతటికీ ఏడవాలో తెలియక టకటక ఆ పూట రెండూ చేసింది.

డాక్టరమ్మ తన పుస్తకం సంగతి కనుక్కోవడానికి వచ్చినప్పుడు టకటక ఆమెను రేకుల కిందికి తీసుకెళ్ళింది.

"నేను వెక్కిరించబట్టే మానేశాడండీ. ఇదంతా నేను చేసిందేగా?"

"ఆయన నా పేషెంటు కాదు కాబట్టి ఆయన గురించి చెప్పలేను. మామూలుగా ఎలా ఉంటుందో చెబుతాను" అంది డాక్టరమ్మ. "ఆ మందుతో చెయ్యి వణకడం, దాహం ఎక్కువవడం చాలామందికి ఉంటుంది. డాక్టరుకు చెబితే రక్తపరీక్ష చేసి మోతాదు సరిచూస్తారు, కావాలంటే వణుకు తగ్గడానికి ఇంకో మాత్ర ఇస్తారు. దారుందమ్మా. చెప్పకుండా తనంతట తను మానేస్తేనే ఇలా తిరగబెడుతుంది. ఆయనకు ఇవన్నీ తెలుసు. నా పుస్తకాన్నే దిద్దిన మనిషి. తెలిసి కూడా ఎవరికీ ఎందుకు చెప్పుకోలేకపోయాడంటావ్?"

టకటకకు గోధుమరంగు కవరు కళ్ళ ముందు కదిలింది. ఆమె ఫోను కవరు విప్పి చీటీ చూపించింది.

"మరి ఇది? ఇది రాసింది జబ్బేనా?"

డాక్టరమ్మ చీటీని రెండు వైపులా చదివింది. "జబ్బు గొంతు పెంచుతుంది. లేని మాట పుట్టించిందా, ఉన్న మాటనే అరిపించిందా అన్నది ఆయనే చెప్పాలి. ఇప్పుడే అడక్కు. నిద్ర సరిగ్గా పడుతున్న రోజులొస్తాయి. అప్పుడు అడుగు."

ఆ రోజులు వెంటనే రాలేదు. ఎగసిపడిన మనసు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక నేలకు పడిపోయింది. టకటక మొదటి ఆదివారం వెళ్ళేసరికి అతను మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. అక్క యూనిఫారం కిటికీకి ఆరేసి ఉండటంతో గదిలో వెలుతురు సరిగ్గా లేదు. అతను ఇటు తిరగలేదు.

రెండో ఆదివారం ఒక మాటన్నాడు. "వెళ్ళిపోండి."

"ఇంకో గంటన్నర దాకా బస్సు లేదండీ" అంది టకటక.

ఆ దారిలో పావుగంటకో బస్సుంది. అక్క డ్యూటీ చేసేది అదే రూటు. అయినా ఆమె నోరు మెదపకుండా టీ పెట్టడానికి వెళ్ళింది.

మూడో ఆదివారం ఏమీ లేదు. వాన, గోడ, అతని వీపు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో టకటకకు మొదటిసారి భయం వేసింది. ఈ మనిషి ఇక ఎప్పటికీ ఇటు తిరగకపోతే?

నాలుగో ఆదివారం ఆమె ప్రూఫు కాగితాలు తెచ్చుకుంది. ఊరికే కూర్చోవడం చేతకాక, డాక్టరమ్మ పుస్తకాన్ని పైకి చదవడం మొదలెట్టింది. తొందరలో తెచ్చింది దిద్దని పాత కాపీ.

"ఈ మందు వాడుతున్నప్పుడు ముప్పును ఒక్కసారిగా..."

"ఉప్పు" అంది గోడవైపు నుంచి ఒక గొంతు.

టకటక ఆగిపోయింది. గుమ్మంలో అక్క తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుంది. అతను ఇంకేమీ అనలేదు. అనక్కర్లేదు. టకటక కళ్ళు తుడుచుకుని ముప్పును దాటి ఉప్పు మీదుగా ముందుకు చదువుకుపోయింది.

ఇంటి దగ్గర అమ్మకు సంగతి తెలిసిపోయింది.

"ప్రతి ఆదివారం ఎక్కడికే? ప్రెస్సులో గొడవ చేసిన ఆ అబ్బాయి ఇంటికా? ఊళ్ళో ఇంకెవరూ దొరకలేదా నీకు? అలాంటివాళ్ళు కొడతారట, చంపుతారట!"

"ఎవరన్నారు?"

"అందరూ అంటారు."

"నీ అలమరాలో ఏం రాసుందో చూడు ముందు."

అమ్మ మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు పోపు డబ్బా తీస్తూ, కూతురి వైపు చూడకుండా అడిగింది. "ఈ వంకర గీత అతనిదేనా?"

"ఊఁ."

ఇంకో రోజు డబ్బాలన్నీ కిందికి దింపి తుడిచింది. నిన్ననే తుడిచిన అలమరా అది. "ఇది పూర్తిగా పోదట కదే?"

"పోదమ్మా. మందులతో అదుపులో ఉంటుంది. నీ బీపీ పోయిందా?"

"నా బీపీకి నేను మిషన్లాపి కాగితాల మీదెక్కలేదు."

"మాత్ర మానేసి నువ్వూ కళ్ళు తిరిగి బాత్రూములో పడ్డావుగా పోయినేడు!"

అమ్మ తన బీపీ మాత్ర వెతుక్కోవడానికి వెళ్ళింది. వారం తర్వాత మళ్ళీ అడిగింది, ఈసారి గొంతు తగ్గించి. "రేపు పిల్లలకొస్తే?"

"రావచ్చట. మిగతా ఇళ్ళకంటే కొంచెం ఎక్కువే. చాలామందికి రాదని కూడా చెప్పింది డాక్టరమ్మ."

"అంటే అడిగేదాకా వెళ్ళావన్నమాట" అంది అమ్మ. అని పొయ్యి వైపు తిరిగి గరిటె తిప్పుతూ ఉండిపోయింది. కూర మాడుతోందని కూతురు చెప్పేదాకా ఆమె ఈ లోకంలో లేదు.

"నా బీపీ వల్ల మనింట్లో కూరలన్నీ చప్పిడి. ఆ అబ్బాయికి ఉప్పు అలా ఒక్కసారి తగ్గించకూడదని రాసుంది" అంది పొయ్యి కట్టేసి. "రెండు గిన్నెల్లో వండాలైతే."

"అమ్మా!"

"ఒప్పుకున్నానని ఎవరన్నారు? వాళ్ళక్కని ఒకసారి రమ్మను. నేను అడగాల్సినవి ఇంకా ఉన్నాయి."

నాలుగు నెలలకు ఎర్రపెన్ను ప్రెస్సుకొచ్చాడు. మొదట రోజుకు సగం పూటే. పెద్దసారు ఆ కుర్చీలో ఎవర్నీ కూర్చోబెట్టలేదు. మిషను గదివాళ్ళు ఏదో గొణిగితే, "షుగరుతో నేను రెండుసార్లు ఆసుపత్రిలో పడ్డాను. నా కుర్చీ మీరెవరైనా తీసేశారా?" అని నోళ్ళు మూయించారు. చెదురుమదురు నవ్వులు, చాటు చూపులు మాత్రం ఆయన చేతిలో లేవు. ఇద్దరు ముగ్గురు ఎర్రపెన్ను బల్ల పక్కనుంచి వెళ్ళడం మానేసి చుట్టూ తిరిగి వెళ్తున్నారు. అతను అది చూశాడు. తల వంచుకుని పేజీ తిప్పాడు.

చిక్కిపోయాడు. చెయ్యి వణుకుతోంది. డాక్టరు మోతాదు సరిచేశాక కొంచెం తగ్గింది, పూర్తిగా పోలేదు. స్టీలు సీసా మళ్ళీ బల్లెక్కింది.

"కూర్చోండి. మంచినీళ్ళు కావాలా అండీ? ఫ్యాను వేయమంటారా అండీ?" అంది టకటక.

"మీరిలా అండీ అండీ అని మర్యాదగా మాట్లాడుతుంటే భయంగా ఉంది" అన్నాడు.

ఆమె నవ్వలేకపోయింది. జీవితంలో ఇక ఎవర్నీ వెక్కిరించకూడదని ఒట్టు పెట్టుకుని ఉంది. ఫోను కవరులోంచి చీటీ తీసి అతని ముందు పెట్టింది. చినుకులు మొదలై కింది బకెట్లో చప్పుడవుతోంది.

అతని ముఖం వాడిపోయింది. "ఇది కొట్టేశాను కదా."

"నిద్ర ఎన్ని గంటలు పట్టింది?"

"ఏడు."

"మాత్ర?"

"వేసుకున్నాను. మీరు మా అక్క కంటే ఘోరంగా ఉన్నారే."

"అయితే వినండి. పొంగిపోయినప్పుడు రాశారు, అది జబ్బన్నారు. సరే. కుంగిపోయినప్పుడు కొట్టేశారు. మరి అదీ జబ్బే కదా? దాని మాట మాత్రం నేనెందుకు వినాలి? నాకు ఆ ఇద్దరూ వద్దు. ఏడు గంటలు నిద్రపోయి వచ్చిన మనిషిని అడుగుతున్నాను. ఇది ఉంచాలా, తీసేయాలా?"

అతను సీసా మూత తీసి రెండు గుక్కలు తాగాడు.

"మళ్ళీ రావచ్చు" అన్నాడు చివరికి. "మందు వేసుకుంటున్నా ఒక్కోసారి వస్తుంది. మీరు ఆ రోజు తలుపు దగ్గర నిలబడి చూశారు. మళ్ళీ చూడాల్సి రావచ్చు."

"భయమేసింది. ఇప్పటికీ వేస్తుంది. వస్తే ముందు నాకే తెలుస్తుంది లెండి. మీ గీతలు ఉన్నట్టుండి తిన్నగా వచ్చాయంటే మీ అక్కకు ఫోను, అక్కణ్ణుంచి డాక్టరుకు. ఈసారి మురిసిపోను."

అతను ఎర్ర పెన్ను మూత తీశాడు. చీటీని దగ్గరికి లాక్కుని, కొట్టేసిన వాక్యం కింద చుక్కలు పెట్టడం మొదలెట్టాడు. "మీ" కింద. "పక్కన" కింద. "కూర్చుంటే" కింద. "నాకు" కింద. అక్కడ ఆగిపోయాడు.

టకటక ముందుకు వంగింది. "మిగతావి?"

"మిగతాది అబద్ధమండి. తప్పులు కనిపించడం లేదని రాశాను. పేజీకి నలభై మూడు కనిపిస్తున్నాయి." తల వంచుకునే, కొట్టేసిన మాటల పైన ఒక్క కొత్త మాట రాశాడు. నెమ్మదిగా, ప్రతి అక్షరం దగ్గరా చెయ్యి కూడదీసుకుంటూ రాసి, చీటీని ఆమె వైపు తిప్పాడు.

మీ పక్కన కూర్చుంటే నాకు బాగుంటుంది.

ఆమె చదివింది. కళ్ళలో నీళ్ళు అడ్డం పడితే తుడుచుకుని మళ్ళీ చదివింది. పెట్టుకున్న ఒట్టు గుర్తొచ్చింది, గుర్తొచ్చినా ఆగలేదు.

"చుక్కలేంటండీ ఇవి? ఒక్కటీ లైన్లో లేదు. చీమలు సిరాలో పడి లేచి నడిచినట్టున్నాయి."

ఎర్రపెన్ను నవ్వాడు. అతని చెయ్యి వణుకుతూ బల్ల మీదే ఉంది. ఈసారి కిందికి దించలేదు. టకటక తన కుర్చీని ఆ మూరెడు దూరమూ ముందుకు జరుపుకుని, దిద్దాల్సిన మొదటి పేజీ తీసి అతని ముందు పెట్టింది.